‘మా’ అని రాసిన సంచి

(ప్రొఫెసరుగారి ఇంటి వంటగది. మాట్లాడేది ఇద్దరు: ఆయన భార్య, ఆయన దగ్గర టమాటాల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి.)

“ఏ సంచులమ్మా?”

“పొద్దున డ్రైవరు తెచ్చాడు కదండీ, టమాటాలు. నాలుగు కాగితం సంచులు. మీద అక్షరాలు కూడా రాశాను.”

“ఓ, అవా. రాసింది నువ్వా? మంచి పని చేశావు. నాకు ఆలోచించే పనే లేకపోయింది.”

“ఆలోచించడమంటే...”

“ఉ అంటే ఉడకబెట్టడానికి. ఉడకబెట్టా. వే అంటే వేయించడానికి. వేయించా.”

“అమ్మగారూ, ఉ అంటే ఉప్పండీ.”

“వేశానమ్మా. ఉప్పు లేకుండా ఎవరు తింటారు?”

“అది కాదండీ. ఉప్పునీళ్లు పోసి పెంచిన మొక్కల కాయలవి. వే అంటే వేడి. పైన ప్లాస్టిక్ కప్పి, ఉక్కలో పెంచినవి.”

“మొక్కలకు ఉప్పునీళ్లా? ఉసురు తగలదూ?”

“మా అమ్మా అదే అంటుందండీ. నీళ్లు పోసి బతికించడం మాకు చదువు లేకుండానే వచ్చు, ఉప్పు పోసి చంపడానికి నీకింత చదువా అని. బోర్లు ఉప్పెక్కుతున్నాయి, ఎండలు ముదురుతున్నాయి. రేపు టమాటా ఎలా కాస్తుందో ఇవాళే చూడాలి కదండీ.”

“చూశావుగా మరి.”

“చెట్టు వరకే చూశాను. ఉప్పుకు కాయ చిన్నదైంది, వేడికి పూత రాలింది. పండు లోపల తీపెంత, పులుపెంత, అది రసం తీసి కొలవాలి. పళ్లు లేకపోతే మళ్లీ విత్తనం దగ్గర్నుంచే. ఏడాది పోతుందండీ. ఇంట్లో ఇప్పటికే...”

“ఉండు ఉండు, కళ్లు తుడుచుకో. తీపి సంగతి నేను చెప్తాగా. ఆ ఉ సంచిలోవి గోళీకాయలంతే ఉన్నాయిగానీ, తేనె. రాసుకో.”

“ఎంత తీపండీ?”

“తేనె అన్నాగా.”

“తేనె అని రాస్తే ఒప్పుకోరండీ. అంకె కావాలి.”

“నాలుక్కి అంకెలెక్కడివే తల్లీ.”

“పోనీ, ఉవే అని రాసిన సంచి? ఉప్పూ వేడీ రెండూ తగిలినవి. గుప్పెడే కాశాయి.”

“ఉడకబెట్టి, ఆపైన వేయించాలేమో అనుకున్నా. తీరా చూస్తే కాయల అడుగులన్నీ నల్లగా ఉన్నాయి. పారేశా.”

“ఆ నలుపే నా థీసిసండీ.”

“చెత్తబండి కూడా వెళ్లిపోయిందే.”

“మా అని రాసినవైనా ఉన్నాయా? మామూలు నీళ్లవి. వాటితోనే మిగతావన్నీ పోల్చాలి.”

“మా అంటే మామూలా?”

“అవునండీ.”

“మా ఇంటికని అనుకున్నా. సగం మా తోడికోడలికి పంపా.”

“మిగతా సగం?”

“మా ఇంటికన్నాక తినమా?”

“సారుకి తెలుసాండీ, ఇవి ఇక్కడికొచ్చాయని?”

“పంపిందే ఆయన. వేయించినవి రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు.”

“ఆయనే నన్ను సాయంత్రంలోగా తీపి లెక్కలు బల్ల మీద పెట్టమన్నారండీ.”

“చూడమ్మా, ఇన్నేళ్లుగా ఆయన ప్రయోగాల కాపంతా ఈ వంటింటికే వస్తోంది. పళ్లేవీ అని గుమ్మం తొక్కిన మొదటిదానివి నువ్వే. నీ ముందు చదివినవాళ్లు ఒక్కరూ రాలేదు.”

“మరి వాళ్లు ఏం కొలిచారండీ?”

“అదేమో నాకు తెలీదు. అందరికీ డాక్టరేట్లు మాత్రం వచ్చాయి.”