విమానం పడని మనిషి

మధ్యాహ్నం. పెయింట్ల షాపు వెనక ఇల్లు. భోజనానికి లోపలికొచ్చిన భర్త, మంచం మీద భార్య.

“ఒంట్లో బాగోలేదంటే? ఏమైందో చెప్పాలిగా!”

“మీరే చెప్పాలి.”

“నేనేం చెప్పను? పొద్దున నిచ్చెనెక్కి పై అరలో డబ్బాలన్నీ దించావు. ఇంతలో ఏమొచ్చింది? జ్వరమా?”

“జ్వరం కాదు.”

“కడుపునొప్పా?”

“అదీ కాదు. నా జబ్బేంటో మీకు తెలుసట. నాకే తెలీదు.”

“ఇదేం గోల? ఈ పళ్ళేంటి, ఇన్ని? ఎవరు కొన్నారు?”

“కొన్లేదు. పరామర్శకొచ్చినవాళ్ళు తెచ్చారు.”

“పరామర్శా? ఎవరికి?”

“నాకే. ఊరి చివర కొత్తగా షాపు పెట్టాడు చూడండి, మీ కంపెనీ కొత్త డీలరు, అతని భార్య వచ్చింది.”

“ఎప్పుడు?”

“మీరు బ్యాంకుకెళ్ళినప్పుడు. నేను పెరట్లో కూర్చుని లేత నీలం డబ్బా మూతతో కుస్తీ పడుతున్నా. తలకీ మూతికీ గుడ్డ, మోచేతుల దాకా రంగు. ఆ పిల్ల గేటు తెరుచుకుని వచ్చి నన్నే అడిగింది, ‘అమ్మగారిని చూడొచ్చా? మాట్లాడగలుగుతున్నారా?’ అని.”

“ఆఁ... తర్వాత?”

“గొంతు మారిందేంటి? నీళ్ళు తాగండి.”

“తర్వాత ఏమైందే?”

“‘ఏ అమ్మగారమ్మా?’ అన్నా. ‘షాపు మేడంగారు. పాపం ఎన్నేళ్ళుగానో మంచం మీదే ఉన్నారటగా. విమానం పడదట, కారు పడదట, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయట. అందుకే కంపెనీ టూరుకి సారు ప్రతిసారీ ఒక్కరే వెళ్తారట’ అంది.”

“అదీ... అదేంటంటే...”

“ఆగండి. రోగం నాది, నన్ను చెప్పనివ్వండి.”

“నువ్వు... నేనే మేడమ్‌ని అన్నావా?”

“ఎలా అంటాను, రంగు కారుతున్న చేతులతో? ‘ఉండమ్మా, మెలకువగా ఉన్నారేమో చూసొస్తా’ అని లోపలికొచ్చా. గుడ్డ విప్పా, చేతులు తుడుచుకున్నా, దుప్పటి లాక్కుని ఇదిగో ఇక్కడే పడుకున్నా. పడుకుని నీరసంగా ‘రామ్మా’ అని పిలిచా.”

“హమ్మయ్య.”

“ఏమన్నారు?”

“ఏం లేదు.”

“హమ్మయ్య అన్నారు.”

“ఊపిరి వదిలానంతే.”

“పరువు దక్కిందని వదిలారు. దక్కింది లెండి. చల్లగా ఉండండి. మీ పరువు కోసం పట్టపగలు దుప్పట్లో చెమటలు కార్చుకుంటూ మూలిగా.”

“ఆవిడ నమ్మిందా?”

“పక్కనే కూర్చుని ఒకటే ప్రశ్నలు. ‘ఈ జబ్బు పొద్దున ఎక్కువుంటుందా, సాయంత్రమా? నవ్వితే ఏమన్నా అవుతుందా? వంట చేసుకోవచ్చా?’ అని.”

“డాక్టరీ చదివిందా ఏంటి?”

“నాకూ వింతగానే అనిపించింది. సరే, అది పక్కన పెట్టండి. కంపెనీ ఒక్క టికెట్టే ఇస్తుందని కదా నాకు చెప్పారు?”

“మొదట్లో ఒక్కటే...”

“మొదట్నించీ రెండే. టార్గెట్ దాటిన డీలరుకి ఇద్దరికీ టికెట్లు, ఇద్దరికీ గది, ఆఖరికి ఎండకి పెట్టుకునే టోపీలు కూడా రెండేనట. ఆ రెండో టోపీ ఏం చేసేవారు?”

“అక్కడే... గదిలో వదిలేసేవాణ్ణి.”

“మూడుసార్లూ?”

“ఊఁ.”

“ఆ టార్గెట్ ఎవరు దాటించారండీ? మీరు కౌంటర్లో కూర్చుని కబుర్లు చెప్తుంటే వెనక నిలబడి రంగులు కలిపింది ఎవరు? ‘ఆవిడ కలిపితేనే తీసుకెళ్తా’ అని మేస్త్రీలు నిలబడేది ఎవరి కోసం?”

“నేను కాదన్నానా? నీకు ప్రయాణాలు పడవేమోనని...”

“నేనెప్పుడు ప్రయాణం చేశాను, పడకపోవడానికి?”

“అరవకు, షాపులో జనం ఉన్నారు.”

“రోగిష్టిదాన్ని, ఇంతకంటే గట్టిగా అరవలేను లెండి. ఎందుకు తీసుకెళ్ళలేదు? ఆ ఒక్క ముక్కా చెప్పండి.”

“డీలర్ల విందు గుర్తుందా? పెద్ద హోటల్లో.”

“ఎందుకుండదు? నన్ను తీసుకెళ్ళిన విందు అదొక్కటే.”

“కంపెనీ పెద్దాఫీసరు ఎదురుగా కూర్చుంటే, అందరూ వినేట్టు ‘ఈ డబ్బా మూతలు మనుషులు తీయడానికి చేశారా, ఏనుగులు తీయడానికా?’ అన్నావు. టేబులంతా ఒకటే నవ్వు.”

“నవ్వితే మంచిదేగా!”

“నా పక్కనున్న డీలరు నా చెవి దగ్గరికొచ్చి అడిగాడు, ‘బావగారూ, షాపు మీదా, చెల్లెమ్మదా?’ అని. తల కొట్టేసినట్టయింది నాకు.”

“మూతలు సుఖంగా ఊడతాయా? నిజం చెప్పండి.”

“ఊడవు.”

“ఊడవు. నా గోళ్ళు ఊడాయి. మీకేమో తల కొట్టేసినట్టయింది.”

“ఆ ఒక్కసారే అనుకున్నానే. వాళ్ళంతా మళ్ళీ అదే మాటెత్తి నవ్వుతారని ఆ టూరుకి మాత్రం... నీకు కళ్ళు తిరుగుతాయని చెప్పా. తర్వాతిసారి తీసుకెళ్దామనే ఉంది.”

“అంటే నన్ను వెనక అరలో పెట్టారన్నమాట. ఎవరూ అడగని రంగు డబ్బాలాగా.”

“అలా అనకు.”

“మరి తర్వాతిసారి ఏమడ్డొచ్చింది?”

“వదిలెయ్. అన్నం పెట్టుకుని తినేస్తా, షాపులో...”

“షాపు ఎక్కడికీ పోదు. ఏమడ్డొచ్చింది?”

“ఆ మొదటి టూరులో... అక్కడ కదిలే మెట్లుంటాయి.”

“ఉంటే?”

“మనం ఎక్కక్కర్లేదు, అవే పైకి తీసుకుపోతాయి. నాకు కాలు పెట్టడం రాలేదు. వెనక జనం. పెట్టా. పడ్డా. బోర్లా పడ్డా. ఎవరో ముసలావిడ, ఏ దేశం మనిషో, చెయ్యిచ్చి లేపింది. మనవాళ్ళంతా పైన నిలబడి నవ్వారు. ఒకడైతే ఫోన్లో తీశాడు. వచ్చేదాకా ప్రతి భోజనం దగ్గరా అది వేసుకుని చూశారు.”

“ఎప్పుడూ చెప్పలేదే!”

“ఎలా చెప్పను? నువ్వు ఎదురొచ్చి ‘ఎలా ఉందండీ?’ అని కళ్ళింత చేసుకుని అడిగావు. అద్భుతం అన్నా. అసలైతే ఆ మెట్ల దగ్గర పడ్డాక హోటలు దాటలేదు నేను.”

“దాటలేదా? మరి ఆ పడవ? ఊరంతా కనిపించే ఆ టవర్?”

“ఎక్కినవాళ్ళు భోజనాల దగ్గర చెప్పుకునేవాళ్ళు.”

“అది విని...”

“విని నీకు చెప్పా.”

“పడవలో గాలికి కళ్ళజోడు ఎగిరిపోయిందన్నారు?”

“ఎగిరింది. నాది కాదు.”

“దేవుడా!”

“ఇక రెండోసారి నిన్నెలా తీసుకెళ్ళను? వాళ్ళు ఆ ఫోను తీసి నీకూ చూపించేవాళ్ళు. ఇక్కడ కౌంటర్లో కూర్చుంటే పులిని. అక్కడ మనవాళ్ళు బస్సెక్కుతుంటే కర్టెన్ సందులోంచి చూసేవాణ్ణి. అది నువ్వు చూస్తావని... పాత సరుకు మీద కొత్త లేబుల్ అంటించినట్టు, ఒకదాని మీద ఒకటి అంటించుకుంటూ పోయా. నీ జబ్బూ అలాగే పెరిగింది. రెండోసారి నీరసం కలిపా. మూడోసారి ‘ఇంకా తగ్గలేదా?’ అన్నారు. తగ్గిందంటే తీసుకురమ్మంటారు. మంచం పట్టించక తప్పలేదు.”

“నాలుగోసారికి చంపేసేవారన్నమాట.”

“ఛ! ఏం మాటలే అవి?”

“వరస అలాగే ఉంది కదండీ. అయితే ఆ పిల్లకి నేను చెప్పిన సలహాలన్నీ ఉత్తవేనా?”

“నువ్వు సలహాలు చెప్పావా?”

“చెప్పనా మరి? ‘మీవారు అన్ని దేశాలు చూశారుగా, ఏం సర్దాలక్కా?’ అని అడిగింది. మంచం మీంచే చెప్పా. కొత్త బూట్లు వద్దు, అరిగిన చెప్పులైతేనే కాలి మాట వింటాయి. మందులు పెద్ద పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. పాస్‌పోర్టు నకలు ఇంకో చోట దాచుకోవాలి. డబ్బంతా విమానం దిగిన చోటే మార్చొద్దు, టాక్సీకి సరిపడా మార్చి మిగతాది ఊళ్ళో నాలుగు చోట్ల అడిగి మార్చుకోవాలి. దిగిన రోజు ఏమీ చూడొద్దు, చుట్టుపక్కల వీధులు నడిచి, తిని, పడుకోవాలి. రోజుకి రెండు చోట్లు చాలు, పది చూసినవాడికి ఒక్కటీ గుర్తుండదు.”

“అవన్నీ సరైనవే. తిరిగొచ్చినవాళ్ళంతా అదే చెప్పేవారు.”

“సరైనవే కావచ్చు. మీరేం చేశారు అందులో?”

“హోటలు కార్డు జేబులో పెట్టుకున్నా. దారి తప్పితే టాక్సీవాడికి చూపించడానికి.”

“హోటలు దాటని మనిషికి కార్డెందుకండీ!”

“నవ్వు. నవ్వు. నాకు కావలసిందే.”

“నవ్వట్లేదు. ఇద్దరి బట్టలూ రెండు పెట్టెల్లోకీ కలిపి సర్దమని కూడా చెప్పా. ఒక పెట్టె తప్పిపోయినా ఇద్దరికీ మార్చుకోవడానికి ఉంటుందని మీరేగా చెప్పారు. చెప్తూ చెప్తూ అనుకున్నా, ఒక్కరే తిరిగే మనిషికి ఈ ఉపాయం ఎలా తెలిసిందా అని.”

“అది ఇంకో డీలరు భార్య చెప్పింది.”

“ఆ పిల్ల మాత్రం ‘మాది ఒక్క పెట్టేనక్కా’ అంది.”

“పొదుపు మనుషులేమో. ఇటు చూడు. నీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది. అయినా చెప్తున్నా. లే. ఇప్పుడే కంపెనీకి ఫోన్ చేస్తా. ఈసారి టూరుకి పేర్లు మార్చుకోవడానికి ఇంకా గడువుంది. నీ పాస్‌పోర్టు బీరువాలోనే ఉంది.”

“ఎప్పుడైనా పనికొస్తుందని ఫొటో, వేలిముద్రలు ఇప్పించి, చివరికి రాలేదన్నారు, అదా?”

“అదే.”

“నా జబ్బు ఎలా నయమైందని చెప్తారు? ఏ డాక్టరు గొప్పతనం?”

“జబ్బే లేదని చెప్తా. నేనే అబద్ధం ఆడానని చెప్తా.”

“ఎవరితో?”

“ఆఫీసరుతో. డీలర్లతో. నవ్వనీ. ఒకసారి బోర్లా పడ్డవాణ్ణి, మళ్ళీ కొత్తగా పడేదేముంది? ఆ మెట్ల దగ్గర మాత్రం కొంచెం నా చెయ్యి పట్టుకో.”

“చెయ్యి సంగతి తర్వాత. ముందు ఆ కొత్త డీలరుకి చెయ్యండి ఫోను.”

“అతనికెందుకు? ఈ మాట పొక్కకుండానా?”

“టూరు గురించి అతనికేమైనా సలహాలిచ్చారా మీరు?”

“ఇచ్చా. మొన్న గోడౌన్ దగ్గర అడిగాడు, మొదటిసారి కదా పాపం. అవే. చెప్పులు, మందులు, డబ్బు మార్చడం...”

“ఇంకా?”

“అంతే.”

“ఇంకా?”

“సరదాకి ఏదో అన్నాలే.”

“ఏమన్నారు?”

“‘హాయిగా తిరగాలంటే ఒక్కడివే రావాలయ్యా, ఎలా చెప్పాలో నేను చెప్తా’ అన్నా. మగాళ్ళం అనుకునే మాటలు. వాడూ నవ్వేశాడు.”

“నవ్వి ఊరుకోలేదు. ఆ పిల్ల వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళ సందుల్లో నీలం రంగు ఉండిపోయింది. దానివంకే చాలాసేపు చూసింది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చింది.”

“వచ్చి?”

“‘మావారు నాకూ ఇదే జబ్బని కంపెనీలో చెప్పేశారక్కా. రేపు ఎవరైనా చూడ్డానికొస్తే ఎలా పడుకోవాలో తెలీక, మిమ్మల్ని చూసి నేర్చుకుందామని వచ్చా’ అంది.”