పన్నెండో ఇల్లు తప్పు లెక్క కాదు

బుధవారం, నవంబరు పంతొమ్మిది, సాయంత్రం ఆరూ ఇరవై. గోడ గడియారం చూసే చెబుతున్నాను నాయనా. ఆ నిమిషానికి మా ముందుగదిలో, టీవీలో, నువ్వు నవ్వావు.

కూర్చో. నిలబడి వినే మాటలు కావివి. మా తమ్ముడు దేవదానం ఫోన్ చెయ్యగానే గుడివాడ నుంచి బందరుకి బస్సెక్కి వచ్చావు, అంతవరకు మెచ్చుకోవాలి. మంచినీళ్ళు తాగు. నేను గొంతు పెంచే మనిషిని కాను. చర్చిలో నన్ను ప్రార్థన చెయ్యమంటే వెనక బెంచీవాళ్ళు ‘వినబడటం లేదు దయామణిగారూ’ అంటారు. అందుకని నాకు కోపం లేదనుకోకు జేమ్సు బాబూ.

నెలనెలా వీడియో పెడతావు. తమ పుస్తకాలు తామే వేసుకునేవాళ్ళ ఫాంటసీలు, సైన్స్ ఫిక్షన్లు, కొత్తగా ఏవొచ్చాయో, వాటిలో ఏవి చదవాలో చెబుతావు. మంచి పనే, కాదనను. వాళ్ళ గురించి ఇంకెవరు చెబుతారు? నువ్వు చెబితే నలుగురు కొంటారు, నువ్వు నవ్వితే నలుగురూ నవ్వుతారు. అలాంటివాడు చదివి చెప్పాలా, వద్దా?

చదివే చెప్పావా? సరే. ఆ నెల నువ్వు చెప్పిన నాలుగూ నేనూ చదివాను. అవును, నేనే! రెబెకా టాబ్‌లో అక్షరాలు పెద్దవి చేసి ఇస్తే, ఈ పది రోజులూ వంట కూడా మానేసి చదివాను.

చందమామ మీద రొయ్యల చెరువుల నవల ఉందే, దాన్ని ‘లోతైన పరిశోధన’ అన్నావు. గాలే లేనిచోట ఏరేటర్లు తిప్పించాడయ్యా ఆయన! పైన కప్పు లేదు, చుట్టూ గాలి లేదు, చెరువులోకి ఏం కొడుతుంది ఏరేటరు? నాగాయలంకలో ఏ రైతునడిగినా చెబుతాడు. ఇంకోటి ఉంది, చిలకలపూడి గిల్టు ఉంగరం పెట్టుకుంటే అంతకుముందు పెట్టుకున్నవాళ్ళ జ్ఞాపకాలు మనకొచ్చేస్తాయని. దానికి అర నిమిషం ఇచ్చావు. అది కొలిమి దగ్గర వేళ్ళు కాల్చుకున్న మనిషి రాసింది, పేజీ పేజీకీ తెలుస్తుంది. ముందు చెప్పాల్సింది అదీ!

పామర్రు సెంటర్లో ఆగి, ఎక్కినవాళ్ళని నిన్నటికి తీసుకెళ్ళే బస్సు కథ కూడా అంతే. అది చదివాక పామర్రు మీదుగా వెళ్తూ ప్రతి బస్సు బోర్డూ చూశాను. నవ్వకు. నీ నవ్వు నేను ఒకసారి విన్నాను, చాలు.

ఇక నాలుగోది. ‘పన్నెండిళ్ళ నీటిపల్లె’. మా రెబెకాది. మా బాబాయి కొడుకు దేవదానం కూతురు, అంటే నా మేనకోడలు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పొచ్చి, కాళ్ళు కడుక్కుని, రెండేళ్ళు రాసింది.

ఆ బుధవారం మా ఇంట్లో ఏం రోజో నీకు తెలుసా? ఉప్పెన వచ్చిన రోజు. డెబ్భై ఏడులో దివిసీమలో మా పల్లెకి పల్లే పోయింది. మా ఇంటి మొత్తానికి మిగిలింది అమ్మ, నేను, ఆ రోజు చిలకలపూడిలో నగల పనిలో ఉండబట్టి మా కొండలరావు బాబాయి. ఏటా ఆ సాయంత్రం పదకొండు కొవ్వొత్తులు వెలిగించి, బైబిలు మొదటి పేజీలో ఉన్న పదకొండు పేర్లు నేను చదువుతాను. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరికి ఏమవుతారు, ఎవరికి ఏ పాట ఇష్టం, ఈ ఇంట్లో అన్నిటికీ నన్నే అడుగుతారు.

ప్రార్థన అయింది. దేవదానం సంబరంగా టీవీకి ఫోను కలిపాడు. ‘గుడివాడ కుర్రాడు మన పిల్ల పుస్తకం గురించి చెప్పాడంట, చూద్దురు గాని రండి’ అని కేకేశాడు. రెబెకా తలుపు వారన నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

నువ్వేమన్నావు? నీ మాటలే చెబుతాను. ‘ఉప్పెనలో పోయినవాళ్ళు సముద్రం అడుగున పల్లె కట్టుకుంటారు. ఐడియా సూపర్. కానీ పోయింది పదకొండు మంది, ఇళ్ళేమో పన్నెండు! ఇండిపెండెంట్ రచయితలకి ఎడిటర్లు ఉండరు కదండీ, లెక్కలు మనమే సర్దుకోవాలి.’ అని నవ్వావు.

బాబాయి చేతిలో జంతిక పళ్ళెంలో పడేశాడు. ‘అవును కదే పిల్లా! పదకొండే కదా! సొంత ఇంటి చావుల లెక్క రాకుండా పుస్తకమేం రాశావే? మీ అత్తనడిగితే చెప్పేది కదా!’

మీ అత్తనడిగితే. విన్నావా?

రెబెకా నావైపు చూసింది. నేను బల్ల మీద కారిన మైనం గోకుతున్నాను. తలెత్తలేదు.

‘తప్పేలే తాతయ్యా’ అంది. ‘పన్నెండో ఇల్లు తీసేస్తాను. పొద్దున్నే దిద్దేస్తాను.’

ఇప్పటి పుస్తకం కాగితం కూడా కాదు కదా. ఒక్క నొక్కు నొక్కితే ఇల్లు పడిపోతుంది.

ఎంతవరకు చదివావు నాయనా? నిజం చెప్పు. దేవుడు వింటున్నాడు, నేనూ వింటున్నాను.

ముప్పై పేజీలా!

పన్నెండో ఇల్లు నూట నలభయ్యో పేజీలో ఉంది. ఆ ఇంటికి గడప లేదు. ఎందుకంటే అందులో ఉండేదానికి ఇంకా నడక రాదు. పదకొండు మందీ వంతులేసుకుని వచ్చి ఎత్తుకుంటారు. దానికి మాణిక్యం అని పేరు పెట్టింది రెబెకా. ‘పైన ఒడ్డున మిగిలినవాళ్ళ మీద మాణిక్యానికి కోపం లేదు, కోపం రావడానికి కూడా కొన్నాళ్ళు బతకాలి’ అని రాసింది. అలాంటి ముక్క చదవకుండా తప్పు లెక్కంటావా? తీరిక లేకపోతే ఈ నెల రెండే చదివానని చెప్పు, ఎవరు కొడతారు? చదవని పుస్తకం గురించి నవ్వడానికి నీకు నోరెలా వచ్చింది?

ఆ పన్నెండో మనిషి సంగతి రెబెకాకి ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు ఒకటి చూసింది, అంతే. ఏటా పదకొండు కొత్త కొవ్వొత్తులతోపాటు పెట్టెలోంచి ఒక పాతది తీసి పక్కన పెడతాను. వెలిగించను. మళ్ళీ పెట్టెలో పెట్టేస్తాను. మా అమ్మ అలాగే చేసేది, అమ్మ పోయాక నేను చేస్తున్నాను. పసుపెక్కి, ఎండాకాలాలకి వంగిపోయింది. ‘అత్తా, ఆ ఒక్కటీ ఎవరిది?’ అని ఆరేళ్ళప్పుడు అడిగింది. ‘స్పేరమ్మా, ఏదన్నా ఆరిపోతే వాడటానికి’ అన్నాను.

ఎప్పుడూ వాడని స్పేరు ఎందుకా అని ఆ పిల్ల ఇరవై ఏళ్ళు ఆలోచించింది. ఆలోచించి ఇల్లు కట్టింది.

నేనా? మిగతా మూడు పుస్తకాలూ ఈ పది రోజుల్లో చదివినా, ఆ పేజీ మాత్రం సెప్టెంబరులోనే చదివాను. ‘బాగుందమ్మా’ అన్నాను. అంతే అన్నాను.

ఎందుకలా చూస్తావు? నీ మీద కోపం తీరలేదు నాకు, తీరదు కూడా. కానీ నువ్వు తెలీక నవ్వావు. నేను తెలిసి మైనం గోకాను.

ఉప్పెనకి మూడు రోజుల ముందు మా అమ్మకి ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసింది నాయనమ్మే. అమ్మా నేనూ తప్ప ఆ పిల్లని చూసినవాళ్ళందరూ ఆ పదకొండు మందిలోనే ఉన్నారు. చిలకలపూడికి, బాబాయికి కబురు అందేలోపలే నీళ్ళొచ్చాయి, కడుపులోనే పోయిందనుకున్నాడాయన. బాప్తిస్మం కానిదే బైబిల్లో పేరు ఎక్కించకూడదని మా తాతయ్య పెట్టిన కట్టడి. పేరు పెట్టడానికే వ్యవధి లేదు, ఇంక బాప్తిస్మమేం ఉంటుంది?

నాకు తొమ్మిదేళ్ళు. నాన్న నన్ను ఎత్తి ఒక పొట్టి తాడిచెట్టు మట్టల్లోకి తోసి, పాపని అందించాడు. ‘వదలకే తల్లీ’ అన్నాడు. ఆ తర్వాత నాన్న లేడు.

ఒక చేత్తో మట్ట. ఒక చేత్తో పాప. తాటిమట్టకి రంపంలా పళ్ళుంటాయి, ఎప్పుడైనా పట్టుకున్నావా? ఇదిగో, నా అరచేతులు చూడు. గీతలు రెండిటికీ ఉన్నాయి.

ఒకదానికే ఉండాలి కదా.

అమ్మ మర్నాడు ముళ్ళకంపల్లో ప్రాణాలతో దొరికింది. తర్వాత పేర్లు రాసుకోడానికి వచ్చినాయన ‘మీ ఇంట్లో ఎంతమంది పోయారమ్మా’ అని అడిగాడు. అమ్మ నా చేతుల వంక చూసింది. ‘పదకొండు’ అంది. చనిపోయేదాకా నన్ను ఒక్క మాట అడగలేదు. ఏటా ఆ కొవ్వొత్తి మాత్రం తీసి పక్కన పెట్టేది. అడిగినా బాగుండేది నాయనా. తిట్టినా బాగుండేది.

ఏడవకు. ఏడిస్తే నాకేం వస్తుంది? వచ్చే వీడియోలో చెప్పు, లెక్క సరిగ్గానే ఉంది, నేనే చదవలేదు అని. నా చేతుల ఊసెత్తక్కర్లేదు. ఆ ఉంగరం పుస్తకానికి ఐదు నిమిషాలివ్వు. రొయ్యలాయనకి ఏరేటర్ సంగతి నేనే ఉత్తరం రాస్తాను.

పన్నెండో ఇల్లు ఉందా, తీసేసిందా అంటావా? ఇప్పుడా అడగడం!

మర్నాడు పొద్దున్న ఏడింటికి రెబెకా లాప్‌టాప్ తెరిచింది. నేను వెళ్ళి దానిమీద అరచెయ్యి బోర్లించాను. ‘తియ్యకమ్మా. ఆ పిల్ల ఉంది’ అన్నాను. అందరి ముందూ చెప్పాను, ఇప్పుడు నీకు చెప్పినట్టే. వినబడలేదని ఎవరూ అనలేదు.

బైబిలు తీసి పదకొండో పేరు కింద మాణిక్యం అని రాశాను. పుస్తకంలో పేరే. మా దగ్గర ఇంకో పేరు లేదు. బాప్తిస్మం మాటేమిటని దేవుడు అడిగితే, నన్ను అడగాల్సింది అదొక్కటే కాదు కదా, అన్నీ ఒకేసారి చెప్పుకుంటాను.

బాబాయి లేచాడు. ఆ వంకర కొవ్వొత్తిని బల్లమీద నిలబెట్టి, మూడు అగ్గిపుల్లలు విరగ్గొట్టి వెలిగించాడు. అది కరిగేదాకా ఇంట్లో ఎవరం టిఫిన్ ముట్టలేదు. ఇడ్లీలు చల్లారిపోయాయి. రెబెకా ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. తొమ్మిదిన్నరైనా వెలుగుతూనే ఉంది.

దేవదానం గడియారం వంక చూశాడు. బాబాయి వాడి తొడ మీద ఒక్కటి చరిచాడు.

‘మూడు రోజుల పిల్లరా. తొందరపెట్టకు’ అన్నాడు.