ఏసోబు బండి మోత

ఏసోబని ఒకాయన ఉన్నాడు. ముచ్చుకోనలో కింది వాడ ఆయనది. బండల ఫ్యాక్టరీలో పని. బండలంటే మన ఇండ్లల్లో పరుస్తాం చూడు, నాపరాళ్ళు, వాటిని కోసి నునుపు చేసే పని. ఊరికీ ఫ్యాక్టరీకీ తొమ్మిది మైళ్ళు. అందుకని పాత మోటారుసైకిలు ఒకటి కొనుక్కున్నాడంట. ఎవురో వాడి వాడి వదిలేసింది అనుకో. అది స్టార్టు చేస్తే గంప కింద మూసిన కోళ్ళు గూడా ఎగిరేటివంట, అంత మోత. ఏసోబు ఏమీ అనుకోలే. పోతాంది కదా, చాల్లే అనుకున్నాడు. మంచోడు, నోట్లో మాట లేనోడు. పెండ్లాము సువార్తమ్మ అట్ల కాదు. ఆమె నాయన బావుల కాడ ఆయిలింజన్లు బాగుచేసే మేస్త్రీ. ఆయనకు కొడుకుల్లేరు, ఉన్న పనంతా కూతురికే చెప్పినాడు. ఇంజను ముందర కూర్చుంటే దాని మోత ఇని, రోగం యాడుందో చెప్పేది ఆమె.

ఏమైందంటే, ఒకనాడు పొద్దన్నే ఏసోబు సద్దిటిపిను మర్చిపోయి బయలుదేరినాడు. ఈమె చూసుకొని, టిపిను పట్టుకొని ఎనకాలే ఉరికింది. కింది వాడనుంచి పెద్దరోడ్డుకు పోవాలంటే పై వీధిలోనుంచే దారి, ఇంకో దారి లేదు. ఈపాటికి యాడికి పోయింటాడో అనుకుంటా వీధి మలుపు తిరిగింది. చూస్తే ఏముంది, మొగుడు బండి దిగి తోసుకుంటా పోతాండాడు. అది ఎగువ దారి. దానికి తోడు పది దినాల ముందు కాలిమీద బండ పడి బొటనేలు గోరు ఊడిపోయింది, గుడ్డ కట్టుకోనుండాడు. ఆ కాలు ఈడ్చుకుంటా, బండిమీదికి వొరిగి తోస్తాండాడు. ఈమె పోయి, పెట్రోలు అయిపోయిందా అనడిగిందంట. లేదన్నాడు. చెడిపోయిందా? లేదు. మరి తోసేదెందుకు? తల ఎత్తలేదు. వీధిలో ఆఖరి ఇల్లు దాటినాక ఆగి, అప్పుడు చెప్పినాడు.

ఆ వీధిలో వెంకటాద్రయ్యని పెద్దింటాయన. మూడు నెల్ల ముందు అరుగు మీదనుంచి చెయ్యి అడ్డం పెట్టి ఆపినాడంట. నీ బండి మోతకు మా బర్రె పాలు చేపడంలేదు, మా ముసలామెకు తలనొప్పి, ఈ వీధి దాటేదాకా దిగి తోసుకోని పో అన్నాడంట. సరేలెమ్మని దిగినాడు ఏసోబు. దిగినోడు దిగినట్టే, పొద్దన తోసేది, సాయంత్రం తోసేది. మూడు నెల్లమ్మా. పెండ్లానికి ఒక్కమాట చెప్పలే. వాడలో ఇంకా నాలుగు బండ్లుంటే వాళ్ళూ దిగి తోసుకుంటాండారు. వాళ్ళ బండ్లకు మోత ఉందా లేదా అని అడిగినోడు లేడు.

ఇట్ల చెప్తాండాడా, ఎనకనుంచి వచ్చింది వెంకటాద్రయ్య ట్రాక్టరు. దడదడదడమని. ట్రాలీలో ఇనప కమ్మీలు ఎగిరెగిరి పడతాండాయి, పైన పాటల పెట్టె అరుస్తాంది. సువార్తమ్మ చేతిలో టిపిను మూత అదిరిందంట ఆ మోతకు. మీరే చెప్పండి, ఆ మోతకు చేపే బర్రె ఏసోబు బండికి చేపకుండా పోతాదా? ఆ ముసలామెకు ఈ తలనొప్పి వేరే, ఆ తలనొప్పి వేరేనా? నాకు చెప్తాంటేనే కడుపు మండుతాంది, ఆమెకెట్లుంటాది. ఏడవలేదంట. టిపిను హ్యాండిలుకు తగిలించి, ఇంటికొచ్చి, ఆ దినం అన్నం ముట్టలేదు.

సాయంత్రం ఏసోబు వచ్చినాక, పోనీలేమే, ఫర్లాంగు దూరమే కదా, వాళ్ళతో మనకెందుకు అన్నాడంట. ఫర్లాంగా, పుండు పడిన కాలితో రోజుకు రెండు ఫర్లాంగులు, నాకు చెప్పకుండా ఎట్ల తోసినావయ్యా అనింది ఆమె. మళ్ళా తనే, సరే, మోత అన్నాడు కదా, ఆ మోతే తీసేద్దాం, తీసేసినాక ఏమంటాడో ఇందాం అనింది. టౌన్లో మెకానిక్కు ఇంజనంతా ఇప్పాల్ల అన్నాడే అని ఈయన. వాడు చెవి పెట్టి ఇన్యాడా అనడిగింది. లేదు, కుర్చీలోనుంచి లేవకుండానే చెప్పినాడంట. అట్లుంటారు.

ఆదివారం ప్రార్థన అయినాక బండిని వాకిట్లో నిలబెట్టుకున్నారు. సువార్తమ్మ ముందు ఆయిలు చూసింది. ఆయిలు కొలిచే పుల్ల బయటికి తీస్తే దాని కొనకు గూడా తడి లేదు, ఉన్నదేమో కాటుక మాదిరి ఉండాది. తర్వాత స్టార్టు చెయ్యమనింది. పొడుగు స్క్రూడ్రైవరు తీసుకొని, దాని కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి ఎనక ఎముకకు ఆనించుకోని కండ్లు మూసుకుంది. వాడంతా చుట్టూ చేరినారు, ఇదేందమ్మా గుండెకాయ చూసే డాక్టరు మాదిరి అని. కింద పెట్టి ఇనింది. గరగర లేదు, నింపాదిగా తిరుగుతాంది. కింద బాగుందయ్యా, ఇంజను ఇప్పే పనే లేదు అనింది. నడిమజ్జన పెట్టింది, గుద్దినట్టు లేదు, అదీ బాగుంది. పైకి, వాల్వులను తట్టే టాపెట్ల కాడికి వచ్చేసరికి టకటకటకమని, రోట్లో రాళ్ళేసి దంచినట్టుందంట. ఇదొకటి అనింది. మళ్ళా సైలెన్సరు ఇంజనుకు కలిసే కాడ చూస్తే చుట్టూ మసి పట్టింది, చెయ్యి దూరంగా పెడితే వేడి గాలి తుస్సుమని తగుల్తాంది. లోపల రింగు కాలిపోయింది, ఇది రెండు. చైను జారి, మూతకు కొట్టుకుంటాంది, ఇది మూడు. అంతే. మూడు నెల్లు ఆ మనిషి తోసింది ఈ మూడింటికి.

చైను ఆపొద్దే బిగించినారు. సోమవారం పనినుంచి వస్తా ఏసోబు ఆయిలూ రింగూ తెచ్చినాడు, అవీ ఏసుకున్నారు. అప్పటికే సగం మోత పోయింది. టాపెట్లు మాత్రం ఇంజను బాగా చల్లారినాకే ముట్టుకోవాల్ల, వేడిమీద ముడితే లెక్క తప్పుతాదని ఆమె నాయన చెప్పేటోడంట. అందుకని మంగళవారం తెల్లారుతానే పైన మూతలిప్పినారు. టాపెట్టుకూ వాల్వుకూ నడుమ సందులో గడ్డం గీసే బ్లేడు ఒకటి పెడితే బిర్రుగా జారల్ల. ఈ బండిలో రెండు బ్లేడ్లు పెట్టినా వదులుగా తిరుగుతాండాయి. బిగించినారు. కిక్కు కొడితే బండి లేవలే. పది కిక్కులు కొట్టినాడు ఏసోబు, పుండుకాలు పెట్టలేక ఎడమకాలితో తంటాలు పడి కొట్టినాడు. లేవలే. ఆయన మొగం వాడిపోయింది. ఉన్నది గూడా చెడగొట్టుకున్నామే అన్నాడు. ఆమె చెమట తుడుచుకోని, నేనే కోపంలో ఎక్కువ బిగించినానయ్యా అని ఒప్పుకునిందంట. చూడండి, తప్పు చేస్తే ఒప్పుకునే మనిషి ఎట్లుంటాదో. మళ్ళా మూతలిప్పి, బ్లేడు పెట్టి, నిదానంగా సరిచేసింది. ఈసారి ఒక్క కిక్కుకే లేచింది. లేచిందా లేదా అని ఏసోబుకు అనుమానమొచ్చి పొగగొట్టం కాడ చెయ్యి పెట్టి చూసుకున్నాడంట. కుట్టుమిషను మాదిరి ఉండాది మోత. పక్కింటి మరియమ్మ వచ్చి, ఏంది, ఆగిపోయిందా పాపం అనింది.

నువ్వు ముందు కూర్చో, నేను గూడా వస్తా అని సువార్తమ్మ ఎనక ఎక్కి కూర్చునింది. పై వీధిలోకి పోయినారు. పొద్దన పూట, పాలు పోసేటోళ్ళు, చెంబులు పట్టుకున్నోళ్ళు, వీధి నిండా జనం. వెంకటాద్రయ్య అరుగు మీద పండ్లు తోముకుంటాండాడు. బండి ముందరికి వచ్చేదాకా చూసుకోలే. చూసి, పుక్కిలించి ఊసి, రేయ్ ఏసోబూ, దిగు అన్నాడు. అలవాటు చూడు, ఏసోబు కాలు కింద పెట్టేసినాడు. సువార్తమ్మ ఆయన భుజం గట్టిగా పట్టుకుంది, దిగనీలే. అయ్యా, మోత ఉందా అనడిగింది. మోత లేకుండా ఎనకనుంచి వస్తే గొడ్లు బెదిరిపోతాయి, ముసలోళ్ళకు తగుల్తాది, దిగి తోసుకోమన్నాడు. ఇన్నారా? నిన్నటిదాకా మోత ఎక్కువ, ఇయ్యాల మోత తక్కువ.

అప్పుడు ఆమె అనిందంట, "ఎంత మోత కావాల్నో చెప్పయ్యా. అంత వదులు చేసుకోని తెస్తా. నీ ట్రాక్టరంత చాలునా?"

పాలకాడ ఎవురో కిసుక్కుమన్నారు. అంతే, ఆయనకు ఒళ్ళు తెలీలే. "మోత సంగతి కాదే. మీరు మా ఇంటి ముందర బండెక్కి కూర్చోని పోతారా?" అనేసినాడు.

వచ్చేసింది. మూడు నెల్లు బర్రెనూ ముసలామెనూ అడ్డం పెట్టుకున్న మాట బయటికి వచ్చేసింది. సువార్తమ్మ అరవలే. ఏసోబు భుజం మీద చెయ్యి తియ్యకుండా, నింపాదిగా అనింది. "ఆ మాట ఇంకోసారి అను. గట్టిగా అను. బండి మోత లేదు, అందరికీ ఇనపడతాది."

వీధి వీధంతా ఆయన నోటి పక్కే చూస్తాంది. కింది వాడోళ్ళను అట్లంటే జైలుకు పంపే చట్టముందని ఆయనకూ తెలుసు, చెంబులు పట్టుకున్నోళ్ళకూ తెలుసు. పండ్లపుల్ల మళ్ళా నోట్లో పెట్టుకున్నాడు. ఏసోబు గేరేసినాడు. ఆమె వెయ్యమనలేదంట, ఆయనే వేసినాడు. కాలు పైన పెట్టుకోని, నిదానంగా, తొందరేమీ లేకుండా వీధి కొసదాకా పోయినాడు. పెద్దరోడ్డు ఎక్కినాక బండి ఆపి, పక్కకు తిరిగి కండ్లు తుడుచుకున్నాడంట. ఏందయ్యా అంటే, చెప్పకుండా తోసినా చూడు, అది తలుచుకుంటే సిగ్గైతాంది అన్నాడంట. సిగ్గు పడాల్సినోడు అరుగుమీద కూర్చోనుండాడులే, నువ్వు పోయి పని చూసుకో అని ఆమె నడుచుకుంటా వెనక్కి వచ్చింది, అదే వీధిలోనుంచి.

మరుసటి దినం కింది వాడ బండ్లన్నీ ఎక్కే పోయినాయి, దిగినోడు లేడు. వాటిల్లో రెండింటికి చెవులు పగిలే మోత. వాటినెవురూ ఆపలే. మరి వెంకటాద్రయ్య మారినాడా అని అడుగుతారు మీరు. మారినాడు, ఏసోబును పిలిచి తప్పైందన్నాడు అని చెప్తే కత బాగుంటాది, మీరూ సంతోషంగా ఇంటికి పోతారు. అట్లాంటిదేం జరగలే, లేనిది నేను చెప్పను. ఇప్పటికీ ఆ బండి పోతాంటే మొగం గోడ పక్కకు తిప్పుకుంటాడంట, పొద్దనొకసారి, సాయంత్రమొకసారి. తిప్పుకోనీ. మెడ ఆయనదే కదా.