అక్కయ్యగారు బిగించిన పట్టీ

1991 జూన్ 17, సోమవారం ఉదయం, మా సంస్థ వాహనాల మరమ్మతుశాలలో వైరింగ్ సహాయకురాలిగా అక్కయ్యగారు తొలి అడుగు వేశారు. "ఆడమనిషివి, కారు కింద నీకేం పనమ్మా?" అని ఆనాటి మేస్త్రీ అడిగితే, "కింద దూరింది ఎవరో కారుకేం తెలుస్తుందండీ" అన్నారట. ఆ మేస్త్రీతో సహా అందరికీ వారు అక్కయ్యగారే అయ్యారు.

సహాయకురాలిగా చేరినవారు మెకానిక్‌గా, ఆపై విద్యుత్ విభాగాధిపతిగా ఎదిగారు. కార్లలోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు కుర్రవాళ్ళ పక్కన బల్ల మీద కూర్చుని నేర్చుకున్నారు. లోపం కంటికి కనబడందే ఏ భాగాన్నీ మార్చనివ్వరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారని వెనక గొణిగినవాళ్ళలో మేమూ ఉన్నాం.

గత నెల సంగతి ఈ పదవీ విరమణ సంచికలో వద్దని కొందరు పెద్దలు సూచించారు. అది లేనిదే అక్కయ్యగారి గురించి చెప్పినట్టు కాదు గనుక రాస్తున్నాం.

గేర్లు తానే మార్చుకునే ఆఫీసు కారులో వేగం చూపే ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడిపోయేది. గేరు మారినప్పుడల్లా బండి ఎవరో వెనక నుంచి తోసినట్టు అదిరేది. స్పీడ్ సెన్సర్ సంకేతం అందడం లేదని కంప్యూటర్ చూపింది. కొత్త సెన్సర్ వేసినా అదే వరస. ఇక డ్రైవరే మొరటుగా నడిపి గేర్‌బాక్స్ పాడుచేశాడని మేనేజర్‌గారు తీర్మానించి, అతన్ని పనిలోంచి తీసేస్తున్నట్టు కాగితం చేతికిచ్చారు.

అక్కయ్యగారు ముందు చక్రాలు నేలకు తగలకుండా ఎత్తించి, వాటిని గేరులో తిప్పిస్తూ, సెన్సర్ వైరును జానెడు జానెడుగా వంచి చూశారు. ఒకచోట వంచగానే ముల్లు సున్నాకు పడిపోయింది. పై తొడుగు నిక్షేపంగా ఉంది. లోపల తీగ తెగింది. అక్కడే బిగుతుగా ఒక ప్లాస్టిక్ పట్టీ. దాని కొసను ఏటవాలుగా కోసిన తీరు చూసి వారు లేచి నిలబడ్డారు. అలా కోసేది వారొక్కరే. కిందటేడు ఇంజిన్ దింపి ఎక్కించినప్పుడు వైరుకు వదులివ్వకుండా కట్టారు. ఇంజిన్ అదిరినప్పుడల్లా తీగ లాగినట్టయి చివరికి తెగింది.

తిన్నగా మేనేజర్‌గారి గదికి వెళ్ళి ఆ పట్టీని బల్ల మీద పెట్టారు.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే మీరెందుకు భుజాలు తడుముకుంటారు అక్కయ్యా? వైరు మార్చేసి ఊరుకోండి. వచ్చే నెల వెళ్ళిపోయేవారు..."

"తడుముకోవడం కాదు సార్, కాయ నా భుజం మీదే ఉంది. వెళ్ళేది నేను, అతనెందుకు వెళ్ళాలి?"

"కాగితం ఇచ్చేశాం కదమ్మా!"

"ఇచ్చిన చేత్తోనే తీసుకోండి. అందాకా నాకు సన్మానమూ వద్దు, సభా వద్దు. మీరంతా చప్పట్లు కొడుతుంటే అతను గేటు బయట నిలబడాలా?"

మర్నాడు కొత్త వైరు వేసి, డ్రైవర్ చేత బండి నడిపించి, మేనేజర్‌గారిని ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఊరంతా తిరిగినా ముల్లు తొణకలేదు, గేరు అదరలేదు. బండి దిగుతూ మేనేజర్‌గారు చెయ్యి చాచారు; డ్రైవర్ జేబులోంచి ఆ కాగితం తీసిచ్చాడు. అందుకే ఈ సభ జరుగుతోంది.

"మా ఇంట్లో ఫ్యాను ఏడాదిగా కిర్రుమంటోంది, ఇప్పుడైనా చూస్తారేమో" అని వారి భర్తగారు మాతో వాపోయారు. లోపం కంటికి కనబడేదాకా ఓపిక పట్టాలండీ!

అక్కయ్యగారు నిండు ఆరోగ్యంతో కలకాలం ఉండాలి. మాలో ఎవరి తప్పు ఎవరి నెత్తికెక్కినా, నిలదీయడానికి ఆ గేటు తోసుకుని రావాలి. ఈ సాయంత్రం వారిని ఇంటికి చేర్చేది ఆ కారే, నడిపేది ఆ డ్రైవరే.