వెచ్చటి సప్పుడు

సాయంత్రం అయిదు దాటింది. ముసురు పొద్దటిసంది వదల్లేదు. అరుగు మీద జల్లు కొడుతాంది, లోపలికొచ్చి కూసో ఆజమూ. పాలు లేవు, నల్ల చాయ పోస్త. టెంపో ఇంకా రాలే. పగటి బువ్వ కాంగనే మర్రిగూడ పెండ్లి కాడికెళ్లి బయలెల్లుతమని చెప్పిండు రఘుపతి. నా కొడుకు చెప్పిన యాళ్లకు ఎన్నడొచ్చిండు గనక. ఏందీ? మీ మామ ముచ్చట చెప్పాల్నా? లతీఫ్ అన్న ముచ్చటనా? ఇప్పుడెందుకు యాదికొచ్చిండు? అగో! కాయితం మీద అచ్చేపిస్తవా? నువ్వు హైదరాబాదుల చేసే కొత్త డబ్బాలకు, గదే గిటారు సప్పుడు పెంచేటియి, వాటికి మామ పేరు పెట్టి, ఆయన ముచ్చట నాలుగు మాటల్ల రాసి, దారంతోని కడతవా? దుకాణంల చీరెకు చీటీ కట్టినట్టు. మంచిగుంది. కొనేటోళ్లు చదువుకొని మురుస్తరు. రాసుకో మరి. నేను ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. ఇయ్యాల ఊకె కూసుంటె మనసు కుదురుతలేదు, అందుకే చెప్తున్న.

మీ మామ బట్టలు కుట్టేటోడు. గీ కల్వకుర్తి బజార్లనే మిషిను. లాగులు మంచిగనే కుట్టేది, చెప్పిన దినానికి ఇచ్చింది మాత్రం లేదు. ఎందుకంటె మనసంతా గిటారు మీద. లగ్గాలకు, పండుగలకు పోయేది. మా ఆయన, గదే మీ గోపయ్య కాక, డోలక్, బుచ్చయ్య క్లార్నెట్, నడుమ ఈయన గిటారు పట్టుకొని జుట్టు ఎగదువ్వుకొని నిలబడేది. మొదట్ల మైక్‌సెట్టు బాబా మియా డబ్బాకే గిటారు తగిలించుకునేటోళ్లు. మోగేది. అందరికి ఇనపడేది. ఇంకేం కావాలె? కాదంట. అండ్ల పానం లేదంట. పట్నంల ఏదో హోటలుండె, అండ్ల బ్యాండు వాయించేటోళ్లు విడిపోయిండ్రని తెల్సి, పోయి ఆ పాత విలాయతి డబ్బా పట్టుకొచ్చిండు. బస్సు మీద డబ్బా, దాని పక్కన ఈయన, ఎండల. కండక్టరు నిచ్చెనెక్కి అడిగిండంట, "ఓ మియా, టికెట్ నీకు కొట్టాల్నా డబ్బాకు కొట్టాల్నా?" అని. "దానికే కొట్టు సాబ్, నేను దాని నౌకర్ను" అన్నడంట. ఈ ముచ్చట ఊరంతా తానే చెప్పుకున్నడు, ఏదో గొప్ప చేసినట్టు. నౌకరీ నిజంగనే చేసిండు. అండ్ల అబద్ధం లేదు.

ఏముండె అండ్ల? గోధుమరంగు బట్ట అతికిచ్చిన చెక్కపెట్టె. ముంగట గోనెసంచి అసొంటి జాలి. ఎనుక గాజు బుడ్లు. మీట ఏస్తె ఆ బుడ్లల్ల సన్నగ ఎర్రగ అంటుకునేది. అంటుకోంగనే వాయించొద్దు. వేడెక్కాలె. "జర ఆగుండ్రి, గరం కావాలె" అని చెయ్యెత్తి అందరినీ ఆపేది. పెండ్లికొడుకు తయారు, పంతులు తయారు, డబ్బా తయారు గాలే. ఒకసారి పెండ్లిపిల్ల నాయిన ఓపిక పట్టలేక, "లతీఫూ, పుస్తె కట్టే యాళ్ల దాటుతాంది, నీ పొయ్యి ఇంకా రాజుకోలేదా?" అని ఒర్రిండు. మంది ఒక్కటే నవ్వుడు. మీ మామకు మాత్రం నవ్వు రాలే. ఆయన డబ్బాను ఎవలన్న ఒక్క మాటంటె ఆ పూట బువ్వ తినకపోయేది. దానికి శేర్వాని బట్టతోని గలీబు కుట్టిండు, లోపల మెత్తటి అస్తరు పెట్టి. ఇంట్ల తల్లి హుస్సేన్ బీ చినిగిన కొంగుతోని తిరిగేది. ఇది సుత రాస్తవా చీటీ మీద?

ఆగు. టెంపోనా? కాదు. ట్రాక్టరు.

ఏమంటివి పొద్దుగాల నువ్వు? వెచ్చటి సప్పుడా? నిన్ను సూస్తె మీ మామనే అనిపిస్తది. ఆయన సుత గదే. "చెల్లె, ఈ సప్పుడు ఇనరాదు, ఎంత వెచ్చగున్నదో, తేనె కాగినట్టు" అనేది. సప్పుడు వెచ్చగుంటదా? అన్నం వెచ్చగుంటది. జరమొస్తె ఒళ్లు వెచ్చగుంటది. ఆ డబ్బా ఊకె ఉన్నప్పుడు సుత, ఆయన తీగె ముట్టకున్నా, గుర్ర్‌మని గురక పెడుతుండేది. ఆ గురక మంచిదంట, కొత్తయాటిల్ల అది దొరకదంట! పట్నంల పైసలున్నోళ్ల పిల్లలు ఇప్పుడు ఆ గురక కోసరమే తిరుగుతున్నరని నువ్వే చెప్తివి. తిరగనీ. గురక కావాల్నంటె మా ఇంట్ల మస్తుగున్నది, రాత్రి వచ్చి ఇనుమను.

గురక ఒక్కటే అయితె ఏం బాధ లేకుండె. అది జివ్వుమనేది. తీగెల మీద చెయ్యి పెడితె చీమలు కుట్టినట్టు, పాడుకుంట మైకుకు మూతి తాకిస్తె పెదవుల మీద సూదితోని పొడిచినట్టు. మా ఆయనకు సుత ఒకసారి తగిలి, డోలక్ ఇడిశిపెట్టి ఉరికిండు. బాబా మియా వచ్చి చూసి, డబ్బా వెనక ఒక మర బిగించి, దానికి పచ్చ తీగ కట్టి, తీగ చివర ఇనుప సలాక కట్టిండు. "లతీఫ్, ఎక్కడ వాయించినా ముందుగాల ఈ సలాక భూమిల దిగగొట్టు, దాని మీద చెంబెడు నీళ్లు పొయ్యి. దొంగ కరెంటు అటు దిక్కు పోతది, నీ దిక్కు రాదు" అన్నడు. మీ మామ ఏమన్నడో ఎరికేనా? "అంత సక్కటి మాలుకు తోక పెట్టినవు గదా భాయ్." సలాక దిగగొట్టుడు, నీళ్లు పోసుడు మా ఆయన పని అయింది. అవసరం తీరంగనే ఆ తీగ చుట్టి, కనపడకుండ డబ్బా వెనక దాచేది మీ మామ. కాళ్లకు రబ్బరు చెప్పులు మాత్రం ఎప్పుడు ఉండేటియి. ఆయన గిటారుకు వేళ్లు తప్ప ఏం అవసరం లేదనుకునేటోడు. ఆయన్ని కాసింది ఆ తీగ, ఆ చెప్పులు.

మీ అమ్మ అన్వరీ నీకేం చెప్పింది మామ గురించి? గుండె ఆగిందని. అవును, ఆగింది. అబద్ధం చెప్పలే. పెద్ద దవాఖానల సుత గదే చెప్పిండ్రు. ఎందుకు ఆగిందో చెప్పలే. అప్పుడు పెద్దమనుషులు కూసొని, అంతకంటె ఎక్కువ ఎవలు మాట్లాడొద్దన్నరు. నువ్వడిగినవు కాబట్టి చెప్తున్న. ఇది మాత్రం చీటీ మీద ఎక్కియ్యకు.

మా తల్లిగారి ఊర్లె ముత్యాలమ్మ బోనాలు. నేను పోయిన. రఘుపతి నా కొంగు పట్టుకొని నిలబడ్డడు, చిన్నోడు. డప్పులుండంగ మల్ల గిటారెందుకు? సర్పంచి కొడుక్కు ముచ్చటయింది, బోనాలు వచ్చేదాంక సినిమా పాటలు కావాల్నంట. కరెంటు స్తంభానికి కొండి ఏసిండ్రు. గుడి ముంగటంతా బండలు పరిచి ఉండె. బండలల్ల సలాక ఎట్ల దిగుతది? దిగలే. మా ఆయన అటిటు చూసి, "లతీఫూ, జాగ మారుద్దాం" అన్నడు. "గోపయ్యా, మంది ఈడనే ఉన్నరు, గోడ చాటుకు పోయి ఎవలకు వాయించాలె? చెప్పులున్నయి లే" అన్నడు మీ మామ. వాయించిండు. మంచిగనే వాయించిండు, అది కాదనను. అంతల్ల బోనాలు వచ్చినయి. ముంగట మా పెద్దమ్మ పుల్లమ్మ, నెత్తిన బోనం, అమ్మోరు పైకొచ్చి ఊగుతాంది. అందరు చెప్పులు ఇడిశిండ్రు. మీ మామ అయిదు పూటలు నమాజు చేసేటోడే. అయినా అమ్మోరి ముంగట చెప్పులతోని నిలబడుడు ఆయనకు చేతకాదు. పాట ఆపకుండనే, కాలితోని కాలు రాసి, చెప్పులు పక్కకు నూకిండు. ఆడోళ్లు బిందెలతోని నీళ్లు తెచ్చి బోనమెత్తినామె కాళ్ల మీద పోస్తనే ఉన్నరు. పసుపు నీళ్లు, యాపాకు. బండల మీద నీళ్లు ఎటు పోతయి? పల్లానికి పోయినయి. పల్లానికి మీ మామ ఉన్నడు.

మీ మామ బిగుసుకున్నడు. ఒళ్లంతా అదిరింది. కండ్లు మీదికి పోయినయి. గిటారు రెండు చేతులతోని పట్టుకొని ఇడుస్తలేడు. ఏమనుకున్నరు మంది? అమ్మోరు లతీఫ్ మీదికి సుత వచ్చిందనుకున్నరు. "సాయిబుకు శిగమొచ్చింది! తల్లి సాయిబును సుత ఇడువలే!" అని ఆడోళ్లు దండాలు పెట్టిండ్రు. శిగమొచ్చినోళ్లకు ఏం చేస్తరు? నీళ్లు పోస్తరు. పోసిండ్రు. నెత్తి మీదికెళ్లి పోసిండ్రు. మీదికొచ్చినప్పుడు మనిషిని ముట్టొద్దని దూరం జరిగిండ్రు. మా ఆయన సుత గట్లనే అనుకొని డోలక్ ఇంకింత జోరుగ కొట్టిండు, ఊగేటోళ్లకు కొట్టినట్టు. పుల్లమ్మ పెద్దమ్మ ఊగుడు ఆపి, అటు దిక్కు సూసి, "వాని మూతి సూడుండ్రిరా, నల్లబడ్డది!" అన్నది. అప్పుడు మా ఆయన డోలక్ పారేసి, కట్టెతోని కరెంటు తీగె కొట్టిండు. మీ మామ పడ్డడు. కరెంటు పోయినా ఆ డబ్బా వెంటనే ఆగలే. బుడ్లు సల్లబడేదాంక సన్నగ మోగుకుంటనే ఉన్నది. నువ్వు అమ్ముతానంటున్న సప్పుడు గదే. వెచ్చటిది.

చాయ సల్లారుతాంది, తాగు.

మీ అమ్మమ్మ ఆ డబ్బా ఇంట్ల వద్దన్నది. మా ఆయన తెచ్చి ఈడ పెట్టిండు. నేను దాని మీద బియ్యం బస్తా పెట్టిన, ఎవలు తెరవకుండ. బస్తా ఖాళీ అయితె జొన్నల బస్తా. మంచిగనే పడి ఉండె. మొన్న సలికాలం నువ్వొచ్చి బస్తా దించినవు. కొలిచినవు, ఫోటోలు దించినవు, బుడ్లు లెక్కపెట్టినవు. మల్ల ఆర్నెల్లకు అచ్చం అసొంటిదే తెచ్చి, ఇప్పుడు గిటారు వాయించే నా కొడుకు చేతిల పెట్టినవు. బట్ట గదే, జాలి గదే. బస్సు కడ్డీ గీరి మూల పగిలింది చూడు, ఆ పగులు సుత దింపినవు! కొత్తదాన్ని పగలగొట్టి పాతది చేసుడు నేను ఎన్నడు ఇనలే. దాన్ని చూసి మా ఆయన నా ముంగటనే ఏడ్చిండు. "లతీఫ్ వచ్చిండే" అని దాని మీద చెయ్యి ఏసి కూసున్నడు. ఆయన జతకు ఉన్నడు కాబట్టి ఫికర్ లేదంటవా? ఆయనకు ఆ డబ్బా కనపడితె మతి ఉండదు. మతి లేకనే గద దాన్ని ఇయ్యాల పెండ్లికి ఎక్కించిండ్రు, మొట్టమొదటిసారి.

తీగ మాత్రం పెట్టినవు గద బిడ్డా? వెనక పచ్చ తీగ. సలాకది.

ఏందీ?

కంపెనీది కాదా? కంపెనీ ఫోటోల లేదని తీసేసినవా? అతుకులెక్క కనపడిందా నీకు? పగులు దింపినవు. గురక దింపినవు. గలీబు మీది బొత్తాలు సుత దింపినవు గదరా. మీ మామను కాసిన ఒక్క ముక్క ఇడిశిపెట్టినవా? ఈ ముసుర్ల, తడి పందిట్ల, చాప మీద చెప్పులు ఇడిశి కూసుంటరు వాళ్లు, రఘుపతి, వాని నాయిన.

లేచి యాడికి పోతవు? ఎస్టీడీ కాడికా? మర్రిగూడల ఎవలకు చేస్తవు? ఎవల నంబరు ఎరికె? పెండ్లోళ్ల ఇంటిపేరు సుత నాకు తెల్వదు. నీకు తెల్సునా? తెల్వదు. మోటరు సైకిలు మీద ఎదురు పోతవా? పో. పో, నిలబడకు. ఆగు, నేనొస్త, గొళ్లెం పెట్టనీ. గొళ్లెం పడుతలేదు. ఇగో, ఈ గొంగడి కప్పుకో.

ఆగు.

ఇది టెంపోనే. లింగయ్య హారను ఇట్లనే కొడతడు. లైటు ముఖం మీద పడుతాంది, ఎవలు కనపడతలేరు. లింగయ్యా, ఎవలెవలున్నరు బండిల? నిన్నే అడుగుతున్న! ఏంది నవ్వుతున్నవు? ఏందీ, కరెంటే లేదా? గాలికి స్తంభం ఒరిగిందా? పొద్దటిసందే లేదా? డబ్బా ఎలగనే లేదా? ఒట్టి డోలక్ మీదనే పుస్తె కట్టిండ్రా?

ముందు కిందికి దిగుండ్రి. చాటుకు నిలబడకుండ్రి, ఎలుగులకు రాండ్రి. వాడేడి? నా కొడుకేడి? వెనక కూసున్నడా? డబ్బా తడుస్తదని అంగి ఇప్పి దానికి కప్పిండా? ఇడిశిపెట్టి దిగు రా! తడువనీ దాన్ని! దిగి ఇటు రా, చెయ్యి పట్టనీ. సల్లగున్నది చెయ్యి. సల్లగుండనీ.

ఆజమూ, జరుగు, నాకు అడ్డం రాకు. లింగయ్య. బుచ్చయ్య. మీ కాక. రఘుపతి.

మల్లొకసారి సూడనీ. లింగయ్య, బుచ్చయ్య, మీ కాక, రఘుపతి.