చిక్కావు, బాగున్నావు

డైట్ చార్టా? ఛీ, ఆ మాటెత్తకు దుర్గా.

కూర్చో. మా దియ పైన గదిలో పడుకుంది. స్కూల్ నర్సు ముందు నాకే ఫోన్ చేసిందట, నేనెత్తలేదు. నువ్వెళ్ళి తీసుకొచ్చావు కాబట్టి సరిపోయింది. జిమ్ క్లాసులో కళ్ళు తిరిగి పడిపోయిందా? నిన్నటి నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ లేదా? "మమ్మీ డైట్ చేస్తున్నా ఆంటీ" అందా నీతో?

మమ్మీ డైట్! థూ.

నేను ఆఫీసులో లేను దుర్గా. చేతికి సూదితో కుర్చీలో ఉన్నాను. కీమో.

అలా చూడకు. పెద్దపేగులో వచ్చింది. వేసవిలో హెర్నియా ఆపరేషన్ అన్నానే, అది హెర్నియా కాదు. ఈ మందుకి జుట్టు మొత్తం ఊడదు, అదొక్కటే కలిసొచ్చింది. ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. కాలేజీ అప్లికేషన్లు అయ్యాక దియకి చెబుదామనుకున్నాం.

మరి ఎందుకు చిక్కావంటే ఏం చెప్పను? డైట్ అన్నాను. ఎంత తేలిగ్గా నమ్మారో! మొన్న గృహప్రవేశంలో దియ ఫ్రెండ్ నైనిక వాళ్ళమ్మ నా నడుం చుట్టూ చేతులేసి కొలిచింది. "ఏం చిక్కావే, ఎంత బాగున్నావే, సీక్రెట్ చెప్పవే!" ప్లేట్లు పట్టుకుని అందరూ నా చుట్టూ చేరారు. రోత పుట్టింది.

వాళ్ళ మీదేనా రోత? ఏమో.

డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. మీరు లావే, తగ్గితే మంచిదే, కానీ మెల్లిగా, మా డైటీషియన్ చెప్పినట్టు. గుడ్లు, చేప, పప్పు తినండి, నడవండి. పోవాల్సింది కొవ్వు, కండ కాదు అంది. నా చెవికెక్కింది 'తగ్గితే మంచిదే' ఒక్కటే.

తాలింపు వాసనొస్తే వాంతి. నోరంతా ఇనుం రుచి. ముందు తినలేకే మానేశాను. తర్వాత... ఎలా చెప్పను? తినగలిగిన రోజు కూడా మానేశాను. ఆయన అటు వెళ్ళగానే పప్పన్నం చెత్తబుట్టలో పడేశాను. జీన్సు వదులైతే అద్దం ముందు ఇటూ అటూ తిరిగి చూసుకున్నాను. ఈ వయసులో! నా పిల్ల చూసి నేర్చుకుంది అదే.

ఇంకా తగ్గితే వచ్చేసారి మందు వాయిదా వెయ్యాలంది ఇవాళ డాక్టరమ్మ. అది విని బయటికొచ్చి ఫోన్ చూస్తే నీ మెసేజి.

ఏడవకు. నాకు ఏడుపు కూడా రావట్లేదు, అసహ్యం వేస్తోంది.

ఆ డబ్బాలో ఏంటి? బీరకాయ పప్పా? మూత తియ్యి. అబ్బా... ఫరవాలేదు, మూసెయ్యకు. రెండు కంచాలు పెట్టు. దియ ఎదురుగా తింటాను. కక్కితే కక్కుతాను, అదీ చూడనీ.

మెట్ల మీద చప్పుడు. లేచినట్టుంది.

దియా, రా నాన్నా. దుర్గ ఆంటీ పక్కన కూర్చో. మమ్మీ డైట్ ఏంటో చెబుతాను.

ముందు ఈ ముద్ద తిను. నేనూ తింటున్నా, చూడు.