రివాల్వరు మీది బొటనేలి మరక

"తాతా, ఈ పాలిష్ మోటరు మీద పసుపు గడ్డకట్టి తుప్పు పట్టింది. తుడిచెయ్యాల్నా?"

ఆగు బిడ్డ, ఆగు. ఆ గుడ్డ పక్కకు వెట్టు. రేపు దుకాణం ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చేయాలె, నిజమే. గోడలు దులుపు, బల్ల తుడువు, దాని జోలికి మాత్రం పోకు. ఎందుకంటవా? కూసో, చెప్త. నా మాటలు ఫోన్ల రికార్డు చేస్తవా? చేసుకో, నాకేం.

మనది తుపాకులు బాగుజేసే దుకాణం గదా. మొదలు కంఠేశ్వర్ల గుడి మూలకు ఉంటుండె... కాదు కాదు, మూలకు రెండిండ్ల అవుతల. ఇక్కడికి ఎన్కకు వచ్చినం. లైసెన్సు కాయితం సూడంది ఎవలి తుపాకీ ముట్టకపోతుంటి. పాత విలాయతి రివాల్వర్లకు నీలం ఎక్కిచ్చుడుల మాత్రం, నాది నేనే చెప్పుకోవద్దు గానీ, నా అసొంటోడు ఈ జిల్లాల లేకుండె.

అది పూసే రంగు కాదు బిడ్డ. ముందు ఇనుమును ఎమిరీ కాయితంతోని రాకాలె. గరుకుది, దానికన్న సన్నది, ఇంకా సన్నది, మన మొఖం కనవడేదాకా. మల్ల దాని మీద మందు రాసి తుప్పు పట్టనియ్యాలె. అవు, తుప్పే. ఆ తుప్పును నీళ్లల్ల ఉడకవెడితే నల్లగైతది, మెత్తటి బ్రష్షుతోని దులపాలె. మల్ల మందు, మల్ల తుప్పు, మల్ల ఉడకవెట్టుడు, వారం పది దినాలు. బోరు నీళ్లతోని మరకలు వడ్తయని మీ నాయినమ్మ వాననీళ్లు డ్రమ్ముల పట్టి మూత వెడుతుండె. ఉత్త చేతులతోని ముట్టొద్దు, చెమట తాకిన కాడ నీలం ఎక్కదు. అంత చేస్తే ఎట్ల తేలుతదంటే, నేరేడు పండు తుడిచినట్టు. ఊకె సూస్తె నలుపే, ఎండల తిప్పితే లోపట నీలం.

ఒక యేడు బోధన్ దిక్కు నుంచి ఒక పటేలు వచ్చిండు. చెరుకు, పసుపు వేసే ఆసామి. అప్పుడు షుగర్ ఫ్యాక్టరీ నడుస్తుండె, బోధన్ బస్సెక్కితే ఊరు రాకముందే వాసనొస్తుండె, పాకం మాడినట్టు... సరే, అదెందుకిప్పుడు. తువ్వాలల చుట్టుకొచ్చిండు వాళ్ల బాపు కొన్న రివాల్వరును. నీలమంత అరిగిపోయి తెల్లగ తేలింది. పిడికి జర మీదికి ఒక పక్క, ఎర్రగ తుప్పు గుంత, వేలు అంత. దసరాకు నాగలికి, ట్రాక్టరుకు వెట్టినట్టే దీనికి సుత బొట్టు వెడ్తరు గదా. తడి పసుపు ఏటా ఒకటే జాగల వెడ్తె ఇనుమును తినకుంటదా? మా పనోళ్లకు తెలుసు ఆ మరక, శానా ఇండ్ల తుపాకులకు ఉండేదే.

పటేలు అన్నది ఒక్కటే మాట. "చారీ, ఇది ఇంక ఖరాబు కాకుంట సూడు." కొత్తది చెయ్యుమనలే బిడ్డ. నేనేమో, పటేలా మీరే గుర్తువట్టలేరు, గట్ల చేసిస్త అన్న. దీని మీద ఉంచేది ఏమన్న ఉన్నదా అని అడగాలె గదా. అడగలే. నా చేతి మీద నాకు గంత పొగరు.

ఆ గుంత ఒక్కదానికే మూడు దినాలు రాకిన. వేళ్లు పగిలినయి. గంత మంచి నీలం నా జన్మల మల్ల రాలే. అబద్ధమెందుకు, ఇచ్చేటప్పుడు నాకే పానం ఒప్పలే.

పటేలు వచ్చి అద్దాలు వెట్టుకున్నడు. అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. బొటనేలు ఆ పక్కకు ఆనిచ్చి తడిమిండు. ఇక్కడొక మరక ఉండె గద అన్నడు. నేను నవ్వుకుంట, అది పోవుడుకే మూడు దినాలు పట్టింది పటేలా అన్న.

పటేలు అద్దాలు తీసిండు. మల్ల మెల్లగ, "అది మా ఇంటామె బొటనేలు, చారీ. లగ్గమైన కాన్నుంచి ప్రతి దసరాకు అక్కడ్నే వెట్టింది. మొన్న ఎండకాలంల పోయింది. నేను పట్టుకుంటె నా వేలు ఆమె వేలు మీద కూసుంటుండె" అన్నడు.

తప్పైంది పటేలా అని రెండు చేతులు పట్టుకున్న. ఆయన తిట్టలే. తిడితే మంచిగుండేది. పని మంచిగ చేసినవు అని, మల్ల అదే తువ్వాలల చుట్టుకొని పోయిండు. తుప్పు ఎంత పట్టియ్యుమన్న పట్టిస్త బిడ్డ, అదే నా పని. ఆమె వేలు ఎక్కడికెల్లి తెస్త?

అప్పటి సంది ఎవలొచ్చినా మొదలు అడుగుతుంటి, ఉంచాల్సిందేమన్న ఉన్నదా అని. కొందరు నవ్వుతుండిరి.

ఈ మోటరు మీదిది మీ నాయినమ్మ వెట్టింది. ఆమె పోయేముందటి దసరా. చెయ్యి వణికింది, గందుకే కుంకుమ కిందికి కారింది సూడు. ఇనుముకు తడి పసుపు వెట్టకే అని ఎన్నేండ్లు కసిరిన్నో. ఇనలే. ఇనకపోవుడే మంచిగైంది.

గా సీసల నూనె ఉన్నది, తే. రుద్దకు, వేలుతోని ఊకె అద్దు. గంతే, తుప్పు ఇంక పెరగది, మరక పోదు. పటేలుకు సుత గదే చెయ్యాల్సుండె. రెండు సుక్కల నూనె.

సల్లగుండు బిడ్డ. ఈ మోటరును మీ ఇంటికి తీస్కపో. దసరాకు నువ్వు వెట్టు బొట్టు... దాని మీద కాదు, పక్కన.